అంచు చూసే కళ్లు

ముప్పై రెండేళ్లు లేసు చూసిన కళ్లు ఇవి.
ఎక్కడ ముడి జారిందో, ఎక్కడ కన్ను ఎక్కువైందో
బల్ల మీద పరవకుండానే చెప్పేదాన్ని.
నర్సాపురంలో ఎగుమతి కొట్టు మూతపడ్డాక
ఆ చూపుకి పని లేదు.

పంటు దిగి సరాసరి వచ్చాడు అబ్సలోము,
సంకలో బిస్కట్ల డబ్బా.
"భీమవరం నుంచి సోమవారం ఒకడొస్తాడంట, కొంటాడంట.
ఏది ఏపాటిదో చూసిపెట్టు సలోమీ,
వాడు నన్ను ముంచకుండా."
బంతాట నాకేం తెలుసు అన్నాను.
"ఆట ఎవడు చూడమన్నాడు, అట్టలు చూడు."

చేతులు కడుక్కు రమ్మన్నాను.
ఉప్పుగాలి ఊరు మనది.
కాగితం కూడా వానాకాలం ఒళ్లు చేస్తుంది,
ఎండాకాలం వంకర పోతుంది.
బల్ల కిటికీ పక్కకి జరిపాను.
మిట్టమధ్యాహ్నం తప్పులు దాక్కుంటాయి,
నాలుగింటి ఏటవాలు ఎండ అబద్ధం ఆడదు.

ఎనభై రెండులో, టీ పొట్లానికి ఒక ఆటగాడు.
శివకాశిలో లక్షలు కొట్టి ఉంటారు.
ఒకే మీసం, ఒకే పచ్చ చొక్కా
రాజోలులో చింపినా, తణుకులో చింపినా.
లేసులో ఇద్దరి చేతులు ఎప్పుడూ ఒక్కటి కావు.
ఇవి పుట్టుకతో ఒక్కటే,
వేరుపడింది మన ఇళ్లల్లోకి వచ్చాకే.

ఇదిగో, వీడి వీపున మెతుకు మరక,
ఎవరో తలుపుకి అతికించి పీకారు.
వీడి మోకాలు రామబాణం పురుగు తినేసింది.
వీడి మూలలు గుండ్రమైపోయాయి,
బచ్చాలాటలో రాళ్ల దెబ్బలు తిన్నవాడు.
ఈ నలుగురు మాత్రం అటక మీద, పెట్టెలో
కట్టని చీరల్లాగా బతికారు.
ఒకడి ఎడమ అంచు బొటనవేలంత, కుడి అంచు లేనే లేదు.
కోత మిషను దగ్గర ఎవడో కునికి ఉంటాడు.
అది తప్పు కాదంట, దానికే రేటంట!
మా కొట్టులో అలాంటిది వస్తే
అల్లినామె కూలి కోసేవాళ్లం.

మిగతా కట్ట నిలబెట్టి పక్కనుంచి చూశాను.
ఎనభై ఆరు వరద
వేలెడెత్తున గీత గీసి పోయింది,
ఒక అట్ట మీంచి ఇంకో అట్ట మీదికి, ఎక్కడా తెగకుండా.
వరసలోంచి తీస్తే మురికి.
వరసలో ఉంటే గోదావరి.

ఆఖర్న ఇరవై మూడో నంబరు, గోలీ.
అబ్సలోము గొంతు తగ్గించాడు.
"వీణ్ణి తక్కువ కొట్టారు. వీడి కోసమే
టీ తాగని కొంపలు కూడా టీ తాగాయి."
మూలలు నాలుగూ సూదుల్లా ఉన్నాయి.
అదే నచ్చలేదు నాకు.
వీపు అంత నలిగి, మూలలు ఇంత పదునా?
ఇంకో అట్ట మీద పెట్టి చూశాను.
రెండు పోగులు పొట్టి.
భూతద్దం పట్టుకుని అంచు వెంట నడిచాను.
అంగుళానికోసారి గాటు, వెంట్రుక మందం.

మా అమ్మ కత్తెరకి ఒకచోట నొక్కు.
కాలవ రేవు మెట్ల మీద పడేసింది నేనే.

"ఇది కత్తిరించిన అట్ట."
"తెలుసు."
"మా యోహానన్న పని."
"తొమ్మిది మంది ఫార్వర్డులకి మార్చాడు. కొత్తదన్నాడు.
అప్పుడే చూశాను, గోలీకి వేళ్ల చివర్లు లేవు."
"మరెందుకు తీసుకున్నావ్?"
రేవు కేసి చూశాడు కాసేపు.
"మన మిషను స్కూలు గోలీని నేనే కదా."

చీటీ రాశాను, లేసుకి రాసినట్టే.
మొదటి రకం, నాలుగు. రెండో రకం, పదకొండు.
వరద కట్ట, విడదీయకుండా, ఒకటి.
తుక్కు, ముప్పై.
ఇరవై మూడు దగ్గర పెన్ను ఆగింది.
కోసినదానికి సోమవారపు మనిషి
టీ ఖర్చు కూడా ఇవ్వడు.
గీత పెట్టి వదిలేశాను.

అతను డబ్బా మూశాడు,
గోలీని మాత్రం చొక్కా జేబులోకి తోశాడు.
"జేబులో పెట్టకు, మూలలు నలుగుతాయి,"
అన్నాను, అలవాటు కొద్దీ.